గాలిదారిలోని కావలివాడు

పెద్ద నగరములలోని ఆసుపత్రులకు, సినిమాహాళ్లకు, బహుళాంతస్తుల కార్యాలయములకు కిటికీలు అంతంతమాత్రముగనే యుండును. కొన్నింటికి కిటికీలున్నను వానిని తెరచుటకు వీలుండదు. అట్టి కట్టడములలోని జనులు పీల్చు గాలి యెక్కడి నుండి వచ్చును? పైకప్పు క్రింద తాపిన తెల్లని పలకల మాటున, రేకుతో చేసిన పొడవైన పెట్టెల వంటి దారులు సాగుచుండును. వీనిని డక్టులందురు. ఒక ప్రత్యేకమైన గదిలో పెద్ద ఫ్యానును, ధూళిని పట్టు ఫిల్టరును, చల్లని నీరు ప్రవహించు గొట్టముల చుట్టను అమర్చుదురు. ఫ్యాను గాలిని చల్లబరచి ఒక డక్టు గుండ గదులకు పంపును. గదులలోని గాలిని మరియొక డక్టు గుండ వెనుకకు లాగుకొనును. అట్లు తిరిగి వచ్చిన గాలిలో కొంత బయటకు పోవును. తక్కినది క్రొత్తగాలితో కలిసి మరల గదులలో ప్రవేశించును. దేహములో నెత్తురు తిరుగునట్లు కట్టడములో గాలి రేయింబవళ్లు తిరుగుచుండును.

ఈ యేర్పాటు సుఖమునకై చేసినదే. కాని ఫ్యానునకు మంచిగాలి యేదో, పొగ యేదో తెలియదు. ఏది వచ్చిన దానినే ముందుకు త్రోయును. పెద్ద డక్టులో గాలి సెకనుకు 5 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. ఒక మూల గదిలో పుట్టిన పొగ ఆ డక్టులో పడినచో 60 మీటర్ల దూరము పోవుటకు 12 సెకనులు చాలును. ఆ గదిలోని మనుష్యుడు కేక వేయుటకు నోరు తెరచు నంతలో పొగ మరియొక విభాగమునకు చేరియుండును. మంటను కన్నులార చూడని వారికిని, దాని వేడిమి సోకని వారికిని ఈ విధముగ ఆపద కలుగును.

1980వ సంవత్సరము నవంబరు 21వ తేదీన అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున ఇట్టి ఘోరము జరిగినది. ఎం.జి.ఎం. గ్రాండ్ అను హోటలు 26 అంతస్తుల కట్టడము. అందు రెండువేలకు పైగా గదులుండెను. ఉదయము 7 గంటలు దాటిన కొలది నిమిషములకు నేలయంతస్తులోని ఒక ఫలహారశాలలో విద్యుత్తీగల దోషము వలన రాజుకొనిన నిప్పు బయటపడినది. అది ప్రక్కనున్న విశాలమైన జూదశాలను కొలది నిమిషములలో దహించివేసినది. పై అంతస్తులలో అప్పటికి అనేకులు నిద్ర లేవలేదు. మంట వారి దరికి పోనేలేదు. నేలయంతస్తు చుట్టుపట్లనే నిలిచిపోయినది. పొగ మాత్రము లిఫ్టు గూళ్ల వెంటను, మెట్ల వెంటను, భూకంపమును తట్టుకొనుటకై కట్టడములో విడిచిన సందుల వెంటను, డక్టుల వెంటను పైకెగసినది. డక్టులలో మూతపడవలసిన తలుపులు కొన్ని మూతపడు స్థితిలో లేవని పిమ్మట జరిగిన పరిశోధనలో తేలినది. ఆ దినమున 85 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు మంటకు దూరమున, పై అంతస్తులలో నుండినవారే. మేడపైకి చేరిన అనేకులను హెలికాప్టర్లతో రక్షించిరి.

భారతదేశమునను ఇట్టి దుర్ఘటన జరిగినది. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో, క్రింది భాగముననున్న ట్రాన్స్‌ఫార్మరు నుండి చెలరేగిన మంటల పొగ మెట్లదారి వెంటను, చల్లగాలి డక్టుల వెంటను బాల్కనీకి ఎగబ్రాకినది. 59 మంది ఊపిరాడక ప్రాణములు విడిచిరి. మంట వారి యొద్దకు రాలేదు. ఆ హాలులోని దోషములు అనేకములు. ద్వారములు, దీపములు, ప్రకటనలు అన్నింటను లోపముండెను. వానిని వివరించుట ఇచ్చట అప్రస్తుతము.

పొగ వచ్చినదని ఫ్యానునకు తెలుపువాడొకడు గాలిదారిలోనే ఉండవలెను. ఆ కావలివాడే డక్టు స్మోక్ డిటెక్టరు. అది పొగను పసిగట్టిన తోడనే మూడు పనులు జరుగవలెను. ఫ్యాను ఆగవలెను, డక్టులో అడ్డముగ అమర్చిన డ్యాంపరులను తలుపులు మూతపడవలెను, కావలి గదిలో గంట మ్రోగవలెను. ఈ మూడింటిలో ఫ్యాను ఆగుటయే ముఖ్యము. గాలి నిలిచినచో పొగకు బండి కట్టువాడు లేనట్లే.

పొగను పసిగట్టు యంత్రము పుట్టిన విధము విచిత్రమైనది. 1930 ప్రాంతపు దశాబ్దమున వాల్టర్ యేగర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు విషవాయువును కనిపెట్టు సాధనమునకై పాటుపడుచుండెను. విద్యుత్కణములతో నిండిన చిన్న గదిలో విషవాయువు ప్రవేశించినచో విద్యుత్ప్రవాహము మారునని ఆయన తలంచెను. విషవాయువునకు ఆ యంత్రము చలింపలేదు. విసిగి ఆయన సిగరెట్టు వెలిగింపగా, దాని పొగకు ముల్లు కదలినదని చెప్పుదురు. ఆయన వెదకినది దొరకలేదు గాని, వెదకనిది దొరకినది. తరువాత అదే దేశస్థుడగు ఎర్న్‌స్ట్ మైలీ దానిని వాడుకకు తగినట్లు తీర్చెను.

నేడు డక్టులలో విరివిగ వాడునది వేరొక పద్ధతి. పూరియింటి కప్పులో చిల్లున్నచో అందుండి దిగు ఎండకిరణములో ధూళికణములు మెరయుచు కనబడును. ధూళి లేనిచో ఆ కిరణము ప్రక్కనుండువారికి కనబడనే కనబడదు. డిటెక్టరులో నల్లని చీకటిగూడు ఒకటి కలదు. అందొక చిన్న దీపమును, దాని కాంతి నేరుగా పడకుండునట్లు ప్రక్కకు జరిపి కాంతిని గుర్తించు కన్నునొకదానిని అమర్చుదురు. గాలి నిర్మలముగ నున్నంతవరకు కంటికి దీపము కనబడదు. పొగకణములు వచ్చినచో కాంతి వానిపై పడి నలుదెసలకు చెదరును. కొంత కంటిలో పడును. అంతట యంత్రము కేక వేయును.

ఈ గూటిని డక్టు నడిమి గాలివాలులో నిలుపరు. డక్టు వెలుపలి గోడకు ఒక పెట్టె బిగించి, గూటిని అందుంచి, పెట్టె నుండి రెండు గొట్టములను డక్టు లోనికి జొనుపుదురు. ఒకటి గాలిని తెచ్చునది. మరియొకటి తిరిగి విడుచునది. తెచ్చు గొట్టము డక్టు వెడల్పునంతను దాదాపుగ అడ్డముగ ఆక్రమించును. దానికి వరుసగా చిల్లులుండును. ఈ చిల్లులు గాలి వచ్చు దెసకు ఎదురుగ నుండి తీరవలెను. ఎదురుగాలికి నోరు తెరచిన గోనెసంచి ఉబ్బును. వెనుకకు త్రిప్పినచో ముడుచుకొని పోవును. ఇచ్చటను అంతే. ఎదుటి దెసను ఒత్తిడి హెచ్చుగను, వెనుక దెసను తక్కువగను ఉండుటచే గాలి తనంత తానే మొదటి గొట్టమున దూరి, పెట్టెలో తిరిగి, రెండవ గొట్టమున వెడలిపోవును. ప్రత్యేకముగ ఫ్యాను అక్కరలేదు. కాని పనివాడు గొట్టమును అరచుట్టు త్రిప్పి బిగించెనేని లోపలికి గాలి సరిగ రాదు. పెట్టెపై పచ్చదీపము మాత్రము ఎప్పటివలెనే వెలుగుచుండును! ఈ యేర్పాటులో జరుగు పొరపాట్లలో ఇంతకంటె మోసకరమైనది లేదు. వెలుపలనుండి చూచువారికి లోపమేదియు కనబడదు గదా.

గొట్టము చివర బిరడా లేకపోయినను, పెట్టె మూత సందు విడిచినను ఇట్టి చిక్కే వచ్చును. డక్టులోని గాలికి బదులు పైకప్పు మాటుననున్న గాలి లోపలికి వచ్చి యంత్రమును మభ్యపెట్టును. వంపు తిరుగు చోట గాలి సుడులు పడును గనుక వంపునకు దూరముగ, తిన్నని భాగమున అమర్చుట మేలు. పంపు డక్టులో నైనచో ఫిల్టరు దాటిన పిదప, మొదటి కొమ్మ చీలకమునుపు ఉంచుదురు. ఫిల్టరే అంటుకొనినను, ఫ్యాను మోటారు కాలినను అప్పుడు తెలియును. తిరుగు డక్టులో నైనచో బయటి గాలి కలియకమునుపే ఉంచవలెను. అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘము వారి నియమావళి ప్రకారము నిమిషమునకు 2,000 ఘనపుటడుగులకు మించిన గాలిని పంపు యంత్రమునకు సాధారణముగ ఈ కావలి యుండవలెను. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలోని గాలి యంతయు కలిసి 2,000 ఘనపుటడుగులే.

బయటి గాలి కలియకమునుపు అనుటకు కారణము ఆలోచింపదగినది. 20 గదుల నుండి గాలి వచ్చి ఒక డక్టులో కలియుచున్నది. ఒక గదిలోనే పొగ పుట్టినది. గదులన్నియు సమానముగ గాలిని పంపుచున్నచో, ఆ పొగ డక్టును చేరునప్పటికి 20 పాళ్లలో ఒక పాలుగ పలుచబడును. దానిపై బయటి గాలియు కలిసినచో మరింత పలుచబడును. బిందెడు నీటిలో పాలచుక్క వేసినట్లగును. అందుచేతనే డక్టులోని డిటెక్టరు గదుల కప్పులకు బిగించు డిటెక్టరులకు బదులు కాజాలదు. మరియొక కారణమును కలదు. రాత్రివేళ ఫ్యానును ఆపివేసినచో డక్టులో గాలి కదలదు. గాలి కదలనిచో గొట్టములోనికి పొగ రాదు. నిద్రించువారిని మేల్కొల్పుట ఈ కావలివాని పని కాదు. పొగను ఊరేగింపకుండ ఫ్యానును ఆపుటయే అతని పని. ఇది తెలియక, డక్టులో యంత్రమున్నది గదా యని గదులలోని వానిని తగ్గించుట ప్రమాదకరము.

విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఇంకొక బాధ కలదు. అచ్చటి గాలిలో తేమ మిక్కుటము. చల్లని నీళ్లచెంబు వెలుపలి వైపున చెమర్చునట్లు, చల్లని డక్టునంటియున్న పెట్టెయు చెమర్చును. నీటితుంపురులు చీకటిగూటిలో చేరినచో కాంతి చెదరును. పొగ లేకయే గంట మ్రోగును. ఫిల్టరు చినిగి ధూళి చేరినను అంతే. రెండు మూడు మారులు ఆసుపత్రిలో చల్లగాలి ఊరక ఆగిపోయినచో రోగులు, వైద్యులు విసుగుకొందురు. అప్పుడెవ్వడో తీగను ఊడదీయును. పచ్చదీపము వెలుగుచునే యుండవచ్చును గాని ఫ్యానునకు ఆజ్ఞ చేరదు. ఈ యంత్రములు చెడిపోవుటకంటె ఇట్లు నోరు నొక్కబడుటయే ఎక్కువ భయంకరము. డక్టునకు పైతొడుగు సరిగ కప్పి, పెట్టెను తేమకు దూరముగ మార్చినచో తీగను ఊడదీయు నవసరమే రాదు.

పోషణ కష్టమైన పని కాదు. కాని ఈ యంత్రము పలకల మాటున దాగియుండుటచే మరపునకు వచ్చుట సులభము. అందుచేత దాని క్రింది పలకపై గుర్తు వేసి, నిచ్చెనతో చేరుటకు దారి విడువవలెను. పనివాడు మూత తీసి గూటిలోని ధూళిని మెత్తని కుంచెతోను, గాలితోను తొలగించును. గొట్టముల చిల్లులకు పట్టిన జిడ్డును తుడుచును. ఫ్యాను తిరుగుచుండగా రెండు గొట్టముల నడుమ ఒత్తిడి భేదమును కొలిచి, తయారు చేసినవారు చెప్పిన హద్దులలో నున్నదో లేదో చూచును. భేదము చాలనిచో గొట్టము తిరిగియున్నదనియో, మూసికొనిపోయినదనియో గ్రహించును. కొన్ని యంత్రములను అయస్కాంతము తాకించి పరీక్షించుటకు వీలుండును. తీగలు, గంట సరిగనున్నవని దానివలన తెలియును గాని పొగ లోనికి రాగలదా యను సంగతి తెలియదు. కావున సంవత్సరమున కొకసారియైనను పరీక్షకై తయారుచేసిన పొగను గొట్టములోనికే విడిచి చూడవలెను.

పరీక్ష దినమున ఒకడు నిచ్చెనపై పెట్టె యొద్ద, మరియొకడు ఫ్యాను గదిలో, వేరొకడు కావలి గదిలో నిలుతురు. పరీక్ష జరుగుచున్నదని కట్టడములోని వారికందరికి ముందే తెలుపుదురు. పొగ విడువగనే గంట మ్రోగును. ఫ్యాను హోరు క్రమముగ తగ్గి నిలిచిపోవును. డ్యాంపరు మూతపడిన చప్పుడు వినబడినంత మాత్రమున తృప్తి చెందక, రేకు పెట్టెకుండు చిన్న తలుపు తెరచి దీపముతో చూచి, ఆకులు పూర్తిగ మూతపడినవో లేదో నిర్ధారించుకొందురు. మూతపడనిచో ఆ దినమే సరిచేయుదురు. పిమ్మట ఊడదీసినవన్నియు మరల బిగించి, ఫ్యానును నడిపి, తేదీని, ఒత్తిడి భేదమును, ఫ్యాను ఆగుటకు పట్టిన కాలమును పుస్తకములో వ్రాసి, ముగ్గురును సంతకములు చేయుదురు.