పనికి తగినంత అధికారం: లైనక్స్‌లో 'సుడో' విధానం

కళాశాల ప్రయోగశాలలోని ఒకే కంప్యూటరును విద్యార్థులు, అధ్యాపకులు, సహాయకులు పలువురు ఉపయోగిస్తారు. అందరికీ అన్ని అధికారాలూ ఉన్నట్లయితే ఒకరి పొరపాటుకు అందరి కృషీ నశించవచ్చును. ఎవరికీ అధికారం లేనట్లయితే పని సాగదు. ఈ రెంటి నడుమ మార్గమేది?

లైనక్స్ కెర్నెల్‌ను 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రూపొందించాడు. యూనిక్స్ సంప్రదాయాన్ని అనుసరించి ఇందులో ప్రతి వినియోగదారునికీ ఒక సంఖ్య ఉంటుంది. సున్నా సంఖ్య గలది 'రూట్' ఖాతా. ఫైళ్ల సాధారణ అనుమతులేవీ దానికి అడ్డురావు. రూట్ పాస్‌వర్డును నలుగురు పంచుకొన్నచో ఏ మార్పు ఎవరు చేసినదీ తెలియదు. ఒకరు ఉద్యోగం విడిచిపోయినప్పుడల్లా దానిని మార్చి తక్కినవారికి తెలుపవలసి వస్తుంది.

ఈ చిక్కుకు పరిష్కారంగా 1980 ప్రాంతంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్‌లు అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో 'సుడో' ప్రోగ్రామును వ్రాశారు. ఇందులో వినియోగదారుడు సాధారణంగా తన సొంత పాస్‌వర్డునే ఇస్తాడు. ఎవరు, ఏ యంత్రంపై, ఎవరి హోదాలో, ఏ ఆజ్ఞను నడపవచ్చునో 'సుడోయర్స్' అనే ఫైలు నిర్ణయిస్తుంది. ప్రింటరును చూచుకొనే సహాయకునికి ప్రింటరు సేవను తిరిగి ప్రారంభించే ఆజ్ఞ ఒక్కటే ఇస్తే చాలును. సుడో ద్వారా కోరిన ఆజ్ఞలు, నిరాకరింపబడిన ప్రయత్నాలు చిట్టాలో నమోదవుతాయి.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. సుడోయర్స్ ఫైలును 'విసుడో' ద్వారానే సవరించాలి; వ్రాతలో తప్పుంటే అది ముందే హెచ్చరిస్తుంది. ఒక్క ఫైలు దిద్దుటకని 'వి' వంటి ఎడిటరును రూట్ హోదాలో అనుమతిస్తే, దాని లోపలి నుండి ఇతర ఆజ్ఞలను కూడా నడపవచ్చును. చిన్న కిటికీ అనుకొన్నది సింహద్వారమవుతుంది. అట్టి పనికి 'సుడోఎడిట్' ఉన్నది. అది ఫైలు నకలును వినియోగదారుని హోదాలోనే దిద్దనిస్తుంది. అన్ని ఆజ్ఞలూ ఇచ్చి కొన్నింటిని నిషేధించుట కూడా రక్షణ కాదు. నిషిద్ధమైన ప్రోగ్రామును మరొక పేరుతో నకలు చేసి నడపవచ్చును.

సుడో సైతం దోషరహితం కాదు. 2021 జనవరిలో వెల్లడైన ఒక లోపం 2011 నుండి అందులో దాగి ఉండినది. సుడోయర్స్‌లో పేరు లేనివారు కూడా దాని ద్వారా రూట్ అధికారం పొందగలిగేవారు. కనుక సవరణలు వెలువడిన వెంటనే స్వీకరించాలి. ఏటా అనుమతుల జాబితాను పరిశీలించి, పని ముగిసినవారి పేర్లను తొలగించాలి. పని తీరినపుడు అధికారమూ తీరాలి.