పిస్టన్ ఎంపిక, కంప్రెషన్ రేషియో లెక్క: డీజిల్ మెకానిక్ కావాలనుకునే విద్యార్థులకు

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు వైపున్న మొగుడంపల్లి మండలంలో దుక్కి దున్నడానికీ, చెరకు తోలడానికీ ట్రాక్టరే ఆధారం కాగా, సమీపంలోని జహీరాబాద్‌లో మహీంద్రా సంస్థ ట్రాక్టర్ల కర్మాగారం నడుస్తోంది. అందువల్ల పదో తరగతి పూర్తిచేసిన ఇక్కడి విద్యార్థులకు ఐటీఐలో ఏడాది వ్యవధి గల మెకానిక్ డీజిల్, మెకానిక్ ట్రాక్టర్ ట్రేడులు ఎంతో అనువైనవి. ఇంజన్ విప్పి బిగించడం కొద్ది నెలల్లో అలవడుతుంది గానీ, అరిగిన ఇంజన్‌కు ఏ పిస్టన్ సరిపోతుందో కొలిచి చెప్పగలిగే నేర్పు ప్రత్యేకంగా సాధించుకోవలసినది.

రింగులు ఒరుసుకునే పైభాగంలో లైనర్ (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గొట్టం) ఎక్కువగా అరుగుతుంది కాబట్టి, బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద రెండేసి దిశల్లో కొలిచి, ఆ అరుగుదల తొలగిపోయే ఓవర్‌సైజును, అంటే అసలు కొలతకన్నా కొద్దిగా లావైన పిస్టన్‌ను ఎంచుకోవాలి; లైనర్ మార్చే వీలున్న ఇంజన్లలో లైనర్, పిస్టన్, రింగుల కిట్ మొత్తాన్నే వేస్తారు. కొత్త పిస్టన్ చేతికి వచ్చి, గజన్ పిన్నుకు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌తో కలిపే పిన్ను) అడ్డంగా స్కర్ట్ వద్ద మైక్రోమీటర్‌తో దాన్ని కొలిచిన తరువాతే బ్లాకును బోరింగ్‌కు పంపాలి.

పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైనుండే మొత్తం ఖాళీని, అది పైకి చేరాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. డీజిల్ ఇంజన్‌లో ఒత్తిడికి వేడెక్కిన గాలే ఇంధనాన్ని మండిస్తుంది కనుక ఈ నిష్పత్తి తగ్గితే చలికాలం ఉదయాన ఇంజన్ మొరాయిస్తుంది, తెల్లపొగ వస్తుంది. మితిమీరితే గాస్కెట్, బేరింగులపై భారం పెరుగుతుంది. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 100 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 110 మి.మీ. అనుకుంటే, తరగతి గదిలో నేర్చిన స్థూపం సూత్రం ప్రకారం పిస్టన్ కదిలే ఘనపరిమాణం 864 సీసీ. పైన మిగిలే ఖాళీ 54 సీసీ అయితే నిష్పత్తి 918ని 54తో భాగించగా 17. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు వేసినా అది 17.16 దగ్గరే ఆగుతుంది. అదే బ్లాకు పైముఖాన్ని కేవలం 0.2 మి.మీ. ఫేసింగ్ చేసి, అంటే చెక్కి సమం చేసి, పాత మందం గాస్కెట్‌నే వేస్తే, పై ఖాళీలో దాదాపు 1.6 సీసీ తగ్గి, అసలు బోర్‌తోనే నిష్పత్తి 17.5కు చేరువవుతుంది. బోర్ మీద ఉంచినంత శ్రద్ధ ఫేసింగ్ మీద ఉంచకపోవడం ఈ పనిలో పెద్ద లోపం. ఫేసింగ్ చేసిన బ్లాకులో పిస్టన్ ఎంత పైకి పొడుచుకు వస్తుందో డయల్ గేజ్‌తో చూసి, తయారీదారు పట్టికను బట్టి తగిన మందం గల గాస్కెట్ వేయకపోతే పిస్టన్ వాల్వుకు తగిలే ప్రమాదం కూడా ఉంది.

ఐటీఐ తరువాత అప్రెంటిస్‌షిప్‌కు చోటు వెతుక్కునే విద్యార్థి స్టైపెండ్‌తో పాటు, ఆ షెడ్డులో బోర్ గేజ్, మైక్రోమీటర్ నిత్యం వాడుతున్నారా, కొలతలను జాబ్ కార్డు మీద రాస్తున్నారా అని కూడా విచారించుకోవాలి.