బోరు బండిని పిలిచే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

నల్గొండలో బత్తాయి తోట ఎండుతున్నా, పాలమూరులో వేరుశనగ వాడిపోతున్నా రైతు ఆలోచన ముందు బోరు మీదికే పోతుంది. ఇక్కడ నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి, కాబట్టి లోతుకు పోయినకొద్దీ నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. నల్గొండ జిల్లా ముషంపల్లిలో రెండు వేల ఎకరాల సాగుకు ఆరు వేలకు పైగా బోర్లున్నాయని 2004లో పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. అందుకే బండి రాకముందే కాగితం మీద ఒక అసమీకరణం, అంటే ఖర్చు ఎంత దాటకూడదో చెప్పే లెక్క, రాసుకోండి.

చేయవలసినవి

• మోటారు డబ్బు ముందే పక్కకు తీయండి. చేతిలో 90,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. మోటారు, కేబుల్, పైపులకు 40,000, కేసింగ్‌కు 12,000 పోతే మిగిలేది 38,000. అంటే తవ్వకం ఖర్చు ≤ 38,000.

• ఏ లోతుకు ఏ రేటో చీటీ మీద రాయించుకోండి. 300 ఫీట్ల దాకా ఫీటుకు 90, తర్వాతి 100 ఫీట్లకు 110, ఆపైన 130 అనుకుందాం. మొదటి 300కు 27,000 అవుతుంది. మిగిలిన 11,000తో ఇంకో 100 ఫీట్లే వస్తాయి. హద్దు 400 ఫీట్లు.

• గ్రాఫు గీయండి. అడ్డంగా ఫీట్లు, నిలువుగా రూపాయలు. ఖర్చు గీత 300 దగ్గర వంగి మరింత నిటారుగా లేస్తుంది. 38,000 దగ్గర అడ్డగీత గీస్తే రెండూ 400 దగ్గర కలుస్తాయి. అక్కడ నిండు చుక్క పెట్టండి, ఎందుకంటే 400 కూడా మన డబ్బులోనే ఉంది.

• వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోండి.

చేయకూడనివి

• మొత్తాన్ని మొదటి రేటుతో భాగించొద్దు. 38,000ను 90తో భాగిస్తే 422 వస్తుంది. అంత లోతు తవ్విస్తే 2,860 రూపాయలు ఎక్కువవుతాయి.

• గుర్తు తిప్పడం మరవొద్దు. 300 దాటాక తవ్వే ఫీట్లు 'అ' అనుకుంటే, 11,000 − 110అ ≥ 0. అంటే −110అ ≥ −11,000. రుణ సంఖ్యతో భాగించినప్పుడు గుర్తు తిరగబడాలి: అ ≤ 100. తిప్పకపోతే 'కనీసం వంద ఫీట్లు' అన్న జవాబు వస్తుంది. జేబు గుల్లయ్యేది ఆ ఒక్క పొరపాటుతోనే.

• దుమ్ము మాత్రమే లేస్తున్నప్పుడు 'ఇంకో యాభై ఫీట్లు' అన్న మాటకు లొంగి అక్కడికక్కడే అప్పు తేవొద్దు. రెండో బోరుకైనా అంతే: నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే ఏడాదికి 36,000 మిత్తే అవుతుంది. పంట మిగులు > 36,000 కావాలి. సరిగ్గా 36,000 మిగిలినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. అందుకే దీన్ని గ్రాఫు మీద గీస్తే 36,000 దగ్గర చుక్క బోలుగా ఉంచాలి.

• నీళ్లు పడని బోరును తెరిచి వదలొద్దు. మట్టి, ఇసుక, రాళ్లతో నేల మట్టం దాకా పూడ్చాలని 2010లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఖర్చును కూడా మొదటి లెక్కలోనే కలపండి.

గుర్తుల దగ్గర అనుమానమొస్తే ఊరి బడిలో లెక్కల సారుకో టీచరమ్మకో కాగితం చూపించండి. ఆ తర్వాతే బండికి ఫోన్ చేయండి.