కుడితి తొట్టిలో కవరు పడరాదు

పాడి గల ఇంట్లో వృథా అయ్యేది మొదటి నుండీ తక్కువే. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టికి చేరుతాయి. గేదె తాగి పాలిస్తుంది. పేడ పెంటకుప్పలో మాగి పొలానికి ఎరువవుతుంది. ఈ పద్ధతిని మనం పెద్దలను చూచి నేర్చుకొన్నాము.

అయితే ఆనాటి చెత్తలో కుళ్ళనిది అరుదు. ఈనాడు టిఫిను కట్టిన కవరు, నూనె ప్యాకెట్టు, షాంపూ పొట్లం కూడా అదే బుట్టలో పడుతున్నాయి. ఆ బుట్టను తొట్టిలో వంచినా, వీధిలో పోసినా బాధ పడేది పశువే. కనుక చెత్తను వంటింటి గడప దాటక ముందే వేరు చేయడం పాడి రైతు కుటుంబానికి అత్యవసరం.

పశువు కడుపులో ఏమి జరుగుతుంది?

పశువు మేతను ముందు మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుంది. మేతతో కలిసి వచ్చిన కవరును, మేకును నాలుక వేరు చేయలేదు. కవర్లు పెద్ద పొట్టలో అరగవు, బయటికి పోవు. ఒకదానికొకటి చుట్టుకొని ముద్దగా పేరుకొంటాయి. మేతకు చోటు తగ్గుతుంది. నెమరు తగ్గి, కడుపు ఉబ్బి, పాలు పడిపోతాయి. ఆ ముద్దను కరిగించే మందు లేదు. పొట్ట కోసి తీయవలసినదే.

మేకు, తీగముక్క రెండవ పొట్టలో నిలుస్తాయి. దానికి కొద్ది ముందుగానే గుండె ఉన్నది. చూలు నిండిన నెలల్లో, ఈనే సమయంలో కడుపులో ఒత్తిడి పెరిగి మేకు గుండె వైపు గుచ్చుకొని పశువు చనిపోవచ్చు.

మూడు చోట్ల వేయండి

1. తడి చెత్త: తొక్కలు, గంజి, తాజా మిగులు కూడు చేతితో కలియబెట్టి చూచిన తరువాతనే కుడితిలో పోయాలి. బూజు పట్టినది పోయరాదు. పెళ్ళి భోజనాలలో మిగిలిన అన్నాన్ని ఒక్కసారిగా పెట్టరాదు. పొట్టలో పులుపు హెచ్చి పశువు ఒకటి రెండు రోజులలోనే చనిపోవచ్చు. కుడితికి పనికిరానిదంతా ఎరువు గుంతకు చేరాలి. సుమారు 1 మీటరు లోతు, 2 మీటర్ల వెడల్పు గల గుంతలో చెత్త, పేడ వరుసలు వరుసలుగా వేసి, తడి చేసి, పైన మట్టి కప్పాలి. పిడికిట పట్టి పిండితే చెమ్మ తగలాలి, నీరు కారరాదు. గుంత నిండిన తరువాత 4 నెలల వరకు ఆగితే మంచి ఎరువు తయారవుతుంది.

2. పొడి చెత్త: కవర్లు, సీసాలు, కాగితం, రేకు డబ్బాలు, గడ్డి మోపులు కట్టిన నైలాను తాడు పశువుకు అందని చోట గోనె సంచిలో వేలాడదీయాలి. పాల, నూనె ప్యాకెట్లు కడిగి ఆరబెడితే పాత సామాన్ల వారు తీసుకొనే వీలుంటుంది. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా తెంచవద్దు. ఆ చిన్న ముక్క ఏరేవారి చేతికి దొరకదు.

3. ప్రమాదకరమైనవి: మేకులు, తీగలు, బ్లేడులు, సూదులు, గాజు పెంకులు, పాత బ్యాటరీలు మూత గల డబ్బాలో విడిగా ఉంచాలి. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా పాలకు, నీళ్ళకు వాడరాదు.

కాల్చివేస్తే తీరుతుందా?

తీరదు. కొన్ని రకాల ప్లాస్టిక్కు పొగలో పుట్టే విషాలు పచ్చిమేతపై పడి, పశువు కొవ్వులో నిలిచి, వెన్నతో పాటు పాలలోకి వస్తాయి. ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

2022 జూలై 1 నుండి ప్లాస్టిక్కు చెంచాలు, పళ్ళేలు, గ్లాసుల వంటివి, ఆ ఏడు డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తక్కువ మందం గల చేతిసంచులు నిషేధింపబడ్డాయి. అయినా మన తొట్టికి చట్టం కాపలా కాయదు. ఆ పని ఇంటివారిదే. అంగడికి గుడ్డ సంచి తీసుకొని వెళితే ఇంటికి వచ్చే కవర్లే తగ్గుతాయి.

సంఘ సమావేశంలో చర్చించండి

1. మీ ఇంట్లో కుడితి పోసే ముందు ఎవరు చూస్తున్నారు?
2. పాల కేంద్రం పరిసరాలలో పడి ఉన్న కవర్లను ఏరే వంతు ఎవరిది?
3. మేత మాని, నెమరు వేయని పశువును ఎన్నాళ్ళకు పశువైద్యునికి చూపుతున్నాము?

మూడవ ప్రశ్నకు సరియైన జవాబు: ఆ రోజే.