నోట నిలుచు మందు

నాలుకపైనను బుగ్గల లోపలను పెరుగుతరకవంటి తెల్లపూత కొందరికి వచ్చుట మన మెరిగినదే. పాలచారయైన తుడిచినంతనే పోవును, ఇది పోదు. గట్టిగ రుద్దినచో నెత్తురు చిమ్మును. కాండిడా అను బూజుజాతి సూక్ష్మజీవి దీనికి కారణము. చంటిబిడ్డలకును, మధుమేహరోగులకును, కట్టుడుపండ్లు పెట్టుకొను వృద్ధులకును ఇది తరచు వచ్చును.

మందు లేకపోలేదు. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను స్త్రీలిరువురు నిస్టాటిన్‌ను లోకమునకు తెలిపిరి. న్యూయార్కు రాష్ట్రము పేరునుండియే దాని కా పేరు వచ్చినది. చిక్కంతయు లాలాజలముతోనే! మన నోట దినమునకు సుమారొక లీటరు ఊరును. వేసిన మందును అది కొలది నిమిషములలో కడుపులోనికి కొనిపోవును. అందుచే దినమునకు నాలుగుమారులు వేసికొనవలసివచ్చును. విసుగుచెంది మానువారును కలరు.

కావున శాస్త్రజ్ఞులు మందును నోట నిలుపు ఉపాయమును వెదకిరి. రొయ్యల, పీతల పెంకులనుండి తీయు కైటోసాన్‌ను పలుచని ఆమ్లములో కరగించి, మందు కలిపి, మామిడితాండ్రవలె పళ్లెములో పోసి ఆరబెట్టిన సన్నని పొర యగును. బుగ్గలోపల అంటించినంతనే అది తడిని పీల్చి ఉబ్బును. దాని పొడవైన అణువుల గొలుసులు నోటిజిగటలోని గొలుసులతో పెనవేసికొనును. కైటోసాన్‌ది ధనావేశము, జిగటది ఋణావేశము. విజాతి ఆవేశములు ఆకర్షించుకొనునని మేము తరగతిలో చెప్పు పాఠమే యిది! అట్లంటుకొని, గంటలకొలది మందును మెల్లగ విడుచును.

పొర మందమైనచో నాలుక ఊరకుండదు. దానిని కెలకుచునే యుండును. ఇట్టి పొరలు ఇంకను చాలవరకు పరిశోధనశాలలలోనే యున్నవి. చిగురున కంటుకొను మైకొనజోల్ బిళ్లకు మాత్రము 2010లో అమెరికాలో అనుమతి లభించెను. దినమునకు ఒక్కటి చాలును. చంటిబిడ్డలకు అది తగదు, ఊడినచో గొంతున అడ్డుపడవచ్చును. వారికి వైద్యుడు చెప్పిన చుక్కలే.