బాస్ గిటారులో పికప్ ఎక్కడ ఉండాలి?



అమీర్‌పేటలో ఉండే ఒక తల్లి రెండు వారాల క్రితం ఆదివారం పూజ ముగిశాక దేవాలయం మెట్ల దగ్గర నన్ను ఆపారు. ఇంటర్ చదువుతున్న ఆమె కుమారుడు మన గాయక బృందంలో బాస్ గిటారు వాయించాలని ఉబలాటపడుతున్నాడు. చీటీ పాడిన డబ్బు చేతికి వచ్చింది. పంజాగుట్ట వైపు ఒక దుకాణానికి వెళితే ఇంచుమించు ఒకే ధరకు రెండు గిటార్లు చూపించారట. "ఒకదానికి తీగల కింద ఒకే నల్ల డబ్బా ఉంది మాస్టారూ, రెండోదానికి రెండున్నాయి. రెండున్నదే మంచిదని దుకాణంలో అంటున్నారు. మావాడు ఒకటున్నదే కావాలంటాడు. ఎవరి మాట వినమంటారు?" అని అడిగారు.

మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదమ్మా, పత్రికలో రాస్తానని మాట ఇచ్చాను. ఇంట్లో ఇదే ప్రశ్న ఉన్న తల్లిదండ్రులు ఇంకా కొందరు ఉన్నారని తెలుసు కాబట్టి ఈ వారం పాఠం దాని మీదే.

ఆ నల్ల డబ్బా పేరు పికప్. దాని లోపల అయస్కాంతం ఉంటుంది, చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి, రాగితీగలో చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్న సూత్రం ఇదే. మీ పిల్లల పదవ తరగతి భౌతికశాస్త్రంలో ఉంది, అడిగి చూడండి. ఆంప్లిఫయరు లేకపోతే ఈ వాయిద్యం దాదాపు మూగది. అమీర్‌పేట హాస్టల్ గదిలో అర్ధరాత్రి వాయించినా పక్క మంచం మీది అబ్బాయికి నిద్రాభంగం కాదు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా పట్టుకోండి. పికప్ మైకు లాంటిది కాదు. మైకు గాలిని వింటుంది. పికప్ తన నెత్తి మీద ఉన్న కొద్దిపాటి తీగ ముక్క ఎలా కదులుతోందో అది మాత్రమే వింటుంది. మిగిలిన తీగ ఏం చేస్తోందో దానికి పట్టదు. అందుకే దాన్ని ఎక్కడ బిగించారన్నది అంత ముఖ్యం.

బట్టలారేసే తాడును తలచుకోండి. రెండు మేకుల మధ్య కట్టిన తాడును ఊపితే నడుమ బాగా ఊగుతుంది, మేకు దగ్గర కదిలీ కదలనట్టు ఉంటుంది. బాస్ తీగ కూడా అంతే. ఒక మేకు మెడ చివరి నట్, రెండో మేకు కింద ఉండే బ్రిడ్జి. మామూలు బాస్ మీద వీటి మధ్య దూరం 34 అంగుళాలు, అంటే సుమారు 864 మిల్లీమీటర్లు. అయితే తీగ ఒక్క విధంగా ఊగి ఊరుకోదు. మొత్తం పొడవుతో ఊగుతూనే, రెండు సగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఒకేసారి ఊగుతుంది. మొత్తం ఊపు మూలస్వరం. మిగిలినవాటిని హార్మోనిక్స్ అంటాము. స్వరానికి గాంభీర్యం ఇచ్చేది మూలస్వరం, అంచును, స్పష్టతను ఇచ్చేవి హార్మోనిక్స్.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. పికప్‌ను బ్రిడ్జికి సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో పెడితే తీగ మూలస్వరపు ఊపులో అక్కడ సగం పైచిలుకు అందుతుంది. 6 సెంటీమీటర్ల దూరంలో పెడితే అయిదో వంతే అందుతుంది. మూలస్వరం సగం కన్నా ఎక్కువే పోయింది. కాని నాలుగో హార్మోనిక్‌ను లెక్క వేస్తే రెండు చోట్లా దాదాపు సమానంగానే ఉంటుంది, ఎనభై శాతానికి అటూ ఇటూగా. కాబట్టి బ్రిడ్జి దగ్గరి పికప్ కొత్తగా పదును పుట్టించడం లేదు. అడుగు స్వరం తగ్గిపోవడంతో, ఉన్న పదును ముందుకు వచ్చి నిలబడుతోంది. దాని ధ్వని సన్నగా, బిగుతుగా, ముక్కుతో పాడినట్టు ఉండడానికి కారణం ఇదే. మెడ వైపు పికప్ గుండ్రంగా, లోతుగా పలకడానికి కారణమూ ఇదే.

తీగ పొడవులో సరిగ్గా నాలుగో వంతు దగ్గర పికప్ పెడితే అద్భుతంగా ఉంటుందని కొందరు అంటారు. ఆ బిందువు దగ్గర నాలుగో హార్మోనిక్ అసలు కదలదు కాబట్టి పికప్‌కు వినబడదు, నిజమే. కాని అది వేలు పెట్టని తీగకే వర్తిస్తుంది. అయిదో ఫ్రెట్ దగ్గర వేలు నొక్కారా, తీగ నాలుగింట మూడు వంతులకు కుదించుకుపోయింది. పికప్ కదలలేదు గదా, ఇప్పుడది మిగిలిన తీగలో మూడో వంతు దగ్గర ఉన్నట్టయింది. పన్నెండో ఫ్రెట్‌కు వెళితే సరిగ్గా సగం దగ్గర ఉంటుంది. స్వరం మారినప్పుడల్లా లెక్క మారుతూ ఉంటే ఇక అద్భుతస్థానం ఎక్కడిది? ఇటువంటి మాటలు చెప్పి ధర పెంచితే నమ్మకండి.

ఇక రకాలు. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ తెచ్చారు. పేరుకు అర్థం ఖచ్చితత్వం. ఫ్రెట్లు లేని నిలువు బాస్ మీద చెవితో వెతుక్కునే స్వరం దీని మీద ఫ్రెట్ దగ్గర ఖచ్చితంగా దొరుకుతుందని ఆ పేరు. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేశారు. రెండు లావు తీగల కింది ముక్క మెడ వైపు, రెండు సన్న తీగల కింది ముక్క బ్రిడ్జి వైపు ఉంటాయి. రెండూ కలిసి ఒకే పికప్ లెక్క. బ్రిడ్జి నుంచి ఇంచుమించు 14 సెంటీమీటర్లు. అటు లోతు, ఇటు స్పష్టత, రెండూ తగుమాత్రం ఉంటాయి. మోటౌన్ పాటలకు జేమ్స్ జేమర్సన్ వాయించింది ఈ రకమే. కొందరు తయారీదారులు ముక్కలను తారుమారు చేసి, లావు తీగల ముక్కను బ్రిడ్జి వైపు పెడతారు. లావు తీగ బిగుతుగా, సన్న తీగ నిండుగా పలుకుతాయి. నా మట్టుకు నాకు ఇదే తెలివైన పని అనిపిస్తుంది గాని అలవాటైన చెవులు అంత త్వరగా ఒప్పుకోవు.

1960లో అదే కంపెనీ జాజ్ బాస్ తెచ్చింది. ఇందులో రెండు పికప్‌లు: మెడ వైపు ఒకటి, బ్రిడ్జి దగ్గర ఒకటి, దేని వాల్యూమ్ దానికి వేరు. వెనకది ఒక్కటే పెంచితే జాకో పాస్టోరియస్ తన ఫ్రెట్లు లేని బాస్ మీద పలికించిన, పాడుతున్నట్టుండే ధ్వని వైపు వెళతాము. రెండూ పూర్తిగా పెంచితే విచిత్రం జరుగుతుంది. కొన్ని హార్మోనిక్స్ ఒక పికప్ మీద పైకి లేచే క్షణానే రెండో పికప్ మీద కిందికి దిగుతుంటాయి. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పై కొలతలతోనే లెక్కిస్తే లావు తీగకు, అంటే 41 హెర్ట్జ్ మూలస్వరానికి, ఎనిమిదో హార్మోనిక్ దాదాపు పూర్తిగా మాయమవుతుంది. అది 330 హెర్ట్జ్ దగ్గర, సరిగ్గా మధ్యభాగంలో ఉంటుంది. అందుకే రెండు పికప్‌లు కలిపిన జాజ్ బాస్‌కు అడుగు, మెరుపు ఉండి నడుమ పలచగా ఉంటుంది. బొటనవేలితో కొట్టి వాయించేవారికి అది ఎంతో ఇష్టం. 1970లలో వెనక పికప్‌ను ఒక సెంటీమీటరు మేర బ్రిడ్జి వైపు జరిపారు. మార్కస్ మిల్లర్ ధ్వనిలోని కరకుదనంలో ఆ ఒక్క సెంటీమీటరుకూ వాటా ఉంది.

1976లో లియో ఫెండరే మ్యూజిక్ మ్యాన్ కంపెనీలో స్టింగ్‌రే తెచ్చారు. ఒకే పెద్ద పికప్, ప్రెసిషన్ కన్నా బ్రిడ్జికి దగ్గరగా. లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయరు ఉంటుంది. ఇలాంటి వాయిద్యం కొంటే వాయించడం అయ్యాక తీగను సాకెట్ నుంచి తీసేయమని పిల్లవాడికి చెప్పండి. గుచ్చి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, సరిగ్గా ఆదివారం ఉదయం చేతులెత్తేస్తుంది.

మరో కొసన 1959లో వచ్చిన గిబ్సన్ ఈబీ-0 ఉంది. దాని పెద్ద పికప్ ఫ్రెట్లు ముగిసేచోటే ఉంటుంది. అడుగు విపరీతం, అంచు తక్కువ. దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకొక పాత సంగతి గుర్తొస్తుంది. కొన్నేళ్ళ క్రితం మా బృందం చందాలు వేసుకుని ఇలా మెడ దగ్గర పికప్ ఉన్న బాస్ ఒకటి పాతది కొన్నది. సాధన గదిలో ఎంతో తియ్యగా వినిపించింది. దేవాలయంలోకి తెచ్చేసరికి సిమెంటు కప్పు, గచ్చు నేల, పొడవాటి గోడలు. ఒక స్వరం ఆగకముందే రెండోది దాని మీద పడి, అంతా ఉరుములా కలిసిపోయింది. వాయించే అబ్బాయి కాలం తప్పుతున్నాడని అతణ్ణి అందరి ముందూ కోప్పడ్డారు. కోప్పడింది నేనే. మూడు నెలలు ఓర్చుకున్నాడు, ఆ తరువాత రావడం మానేశాడు. మరికొన్నాళ్ళకు వేరే ఊరి నుంచి వచ్చిన ఒక వాద్యకారుడు అదే గిటారును తీసుకుని, కుడి చేతిని బ్రిడ్జి వైపు జరిపి మీటి, ఆంప్లిఫయరులో బాస్ సగానికి తగ్గించాడు. స్వరాలు విడివిడిగా వినబడ్డాయి. కాలం తప్పినవాడెవడూ లేడు. ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు గాని మళ్ళీ బృందంలోకి రాలేదు.

అందుకే తల్లిదండ్రులకు చెబుతున్నాను: పికప్ ఎంత ముఖ్యమో మీటే చోటూ అంతే ముఖ్యం. దానికి రూపాయి ఖర్చు లేదు. ఇంట్లో ఏ గిటారున్నా ఒకే తీగను ముందు మెడ దగ్గర, తరువాత బ్రిడ్జి దగ్గర మీటమనండి. కళ్ళు మూసుకుంటే రెండు వాయిద్యాలనుకుంటారు.

గుడిలో బాస్ ఎందుకని అడిగే పెద్దలూ ఉన్నారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన ఆరాధన నియమావళి 120వ అంశంలో, పైప్ ఆర్గన్‌కు పెద్దపీట వేస్తూనే, పవిత్ర వినియోగానికి తగిన ఇతర వాయిద్యాలకూ అధికారుల అనుమతితో చోటిచ్చింది. తగినట్టు ఉండడమంటే మన వరకు పాడేవారి మాటను కప్పివేయకపోవడం. మెడ వైపు పికప్ ఉన్న వాయిద్యంతో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటాలలో సమస్య తిరగబడుతుంది. అక్కడి చిన్న స్పీకరు 41 హెర్ట్జ్‌ను పలకనే పలకదు. రెండు, మూడు హార్మోనిక్స్ వినబడితే మన చెవి లేని మూలస్వరాన్ని ఊహించి పూరించుకుంటుంది. నడుమ భాగం పుష్టిగా ఉన్న ప్రెసిషన్ రకం అక్కడ నిలబడుతుంది; రెండు పికప్‌లూ కలిపిన జాజ్ రకం తేలిపోతుంది.

ఇంకొక్క చిక్కు ఉంది, దుకాణంలో ఎవరూ చెప్పరు. జాజ్ బాస్ మామూలు పికప్‌లు కరెంటు తీగల రొదను కూడా పట్టుకుంటాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు చోకు, ఫ్యాను రెగ్యులేటరు దానికి తోడవుతాయి. రెండు పికప్‌లూ సమానంగా తెరిస్తే, వాటిని ఒకదానికొకటి ఎదురుగా చుట్టారు గనుక, రొద కొట్టుకుపోతుంది. ఒక్కటే తెరిస్తే గుయ్యిమంటుంది. గురువుగారు ప్రసంగం మొదలుపెట్టే నిశ్శబ్దంలో అది బాగా వినబడుతుంది. ప్రెసిషన్ రెండు ముక్కలకూ ఈ ఎదురు చుట్టు ఉంది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ.

కాబట్టి అమ్మా, రెండున్నందువల్లనే మంచిదన్న మాట సరికాదు. మీవాడు వాయించేది దేవాలయంలో, ఇళ్ళలో పాటల వెనక అయితే అతని మాటే వినండి. పలు రకాల సంగీతం నేర్చుకోవాలన్న కోరిక ఉంటే రెండున్నది తీసుకోవచ్చు, రొద సంగతి గుర్తుంచుకుని. ఏది కొన్నా, దుకాణంలో ట్యూబులైటు వెలుగుతుండగా ఒక్కొక్క పికప్‌నూ విడిగా తెరిచి, లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఒకే బలంతో మీటించండి. ఒక తీగ గట్టిగా, ఇంకొకటి మెల్లగా వినబడితే పికప్ పక్కనున్న మరలు తిప్పి ఎత్తు సరిచేయమని అక్కడికక్కడే అడగండి. అది ఒక స్క్రూడ్రైవరుతో అయ్యే పని. దానికి వేరే డబ్బు అడిగితే ఇవ్వకండి.