మంచానికి అంటుకోకు, మగ్గానికి పరుగెత్తకు

ఆలంపూర్

చిరంజీవి అల్లుడికి,

హైదరాబాద్ నుంచి రాజోలి చేరావని, కుట్లు కూడా విప్పారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. కానీ ఇంకో సంగతి కూడా చెప్పింది. లేస్తే స్క్రూలు కదులుతాయేమోనన్న భయంతో నువ్వు రోజంతా మంచం మీదే ఉంటున్నావట. మీ నాన్నేమో ఉగాది దాటగానే నిన్ను మగ్గంలో కూర్చోబెట్టాలని చూస్తున్నాడట. మీ ఇద్దరిదీ తప్పే. ఫోన్‌లో చెబితే ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తారని కాగితం మీద పెడుతున్నా. నీకు చేసిన ఆపరేషనే కొన్నేళ్ల కింద నాకూ చేశారు గనుక నా మాట వింటావన్న నమ్మకం ఉంది.

ముందు నీ నడుములో ఏం చేశారో తెలుసుకో. జారిన డిస్క్ తీసేశారు. నరం మీద పడిన ఒత్తిడి తగ్గించారు. నాలుగో పూసకూ ఐదో పూసకూ స్క్రూలు దించి రాడ్లతో బిగించారు, మధ్యలో ఎముక ముక్కలు పెట్టారు. ఆ ముక్కలు పాకి రెండు పూసలూ ఒకటిగా అతుక్కునే దాకా పట్టి ఉంచడమే స్క్రూల పని. అతుక్కోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. పూర్వం ఈ స్క్రూలు లేనప్పుడు రోగిని ఒంటి నిండా పిండికట్టు వేసి వారాల తరబడి పడుకోబెట్టేవాళ్లు. ఫ్రాన్స్‌లో రాయ్-కామిల్ అనే సర్జన్ 1960లలో పూసల్లోకి స్క్రూలు దించే పద్ధతి తెచ్చాక ఆ అవస్థ తగ్గుతూ వచ్చింది. డాక్టర్లు నిన్ను మర్నాడే లేపి నిలబెట్టింది అందుకే. నిటారుగా నిలబడి మెల్లగా నడిస్తే స్క్రూలకు ఏమీ కాదు. వంగడం, బరువెత్తడం, నడుము మెలితిప్పడం, ఈ మూడే వాటికి శత్రువులు.

పడుకుని ఉంటే నడుముకు విశ్రాంతి అనుకుంటున్నావు. కానీ తొడల్లో, పిరుదుల్లో కండ రోజురోజుకూ కరిగిపోతుంది. రేపు నడుమును మోయాల్సింది ఆ కండే. కదలని పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నొప్పి మాత్రలకు తోడు కదలిక లేకపోతే మలబద్ధకం పట్టుకుంటుంది. ముక్కితే ఆ ఒత్తిడి నేరుగా నడుము మీదే పడుతుంది. కాబట్టి నీళ్లు బాగా తాగు, జామపండో ఆకుకూరో రోజూ తిను, తప్పకుండా నడువు.

నడకను మందులా వేసుకో. మాత్రలన్నీ ఒకేసారి మింగవు కదా, రోజు నడకంతా ఒక్కసారే నడవకు. మొదట ఇంట్లోంచి వీధి మలుపు దాకా, ఐదు నిమిషాలు, రోజుకు ఐదారు సార్లు. వారం గడిచాక ఒక్కో నడకకూ ఒకటి రెండు నిమిషాలు కలుపు. ఎక్కువైందా తక్కువైందా అన్నది మర్నాటి పొద్దున తెలుస్తుంది. నడిచాక కొంచెం నొప్పి పుట్టి రాత్రికి సర్దుకుంటే పరవాలేదు. తెల్లారేసరికి కూడా తగ్గకపోతే, కాల్లోకి గుంజుతుంటే, ఆ రోజు సగానికి తగ్గించు. అసలు జాగ్రత్త పడాల్సింది బాగున్న రోజున. ఒంట్లో హుషారుగా ఉందని బజారు దాకా పోయి వస్తావు, తర్వాత మూడు రోజులు మంచం పట్టి, నడకే చేటు చేసిందని తీర్మానిస్తావు. బాగున్న రోజూ అంతే, బాగాలేని రోజూ అంతే నడిచేవాడే ముందుకు పోతాడు.

మంచం దిగడానికీ ఒక పద్ధతి ఉంది. భుజాలు, నడుము, మోకాళ్లు ఒక్కసారే తిప్పి పక్కకు ఒరుగు. కాళ్లు మంచం కిందికి వదులుతూ చేత్తో ఒత్తి లేచి కూర్చో. పడుకునేటప్పుడు ఇదే తిరగేసి చెయ్యి. నేల మీద కూర్చుని భోజనం, గొంతుక్కూచోవడం ఇప్పుడు వద్దు. దొడ్లోకి కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చుకో, ఎక్కువ ఖర్చేమీ కాదు. కుర్చీలోనైనా అరగంట దాటి కూర్చోకు. బిందె, గ్యాస్ సిలిండర్, నూలు మూట, చంటిపిల్లాడు, దేన్నీ ఎత్తకు. పిల్లాడు ఏడిస్తే నువ్వు కూర్చున్నాక వాళ్ల అమ్మే నీ ఒళ్లో పెడుతుంది. దేవుడికీ నిలబడే దండం పెట్టు. సాష్టాంగపడలేదని జోగులాంబ తల్లి ఏమీ అనుకోదు.

బీడీ మాట కూడా చెప్పాలి. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది. రక్తం అందక ఎముక సరిగా అతుక్కోదు. అంత నొప్పి భరించి బిగించుకున్నదాన్ని బీడీ పొగకు వదిలేస్తావా? నొప్పి మాత్రలు కూడా డాక్టర్ రాసినవే వేసుకో. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రలు ఎముక అతకడాన్ని ఆలస్యం చేయొచ్చు.

మన చుట్టాల్లో కొందరు వెన్నుకు కత్తి తగిలితే కాళ్లు పడిపోయినట్టేనని నీ మంచం పక్కనే కూర్చుని చెబుతున్నారట. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బడిపంతులుగా ఉన్నప్పుడు నడుము వంగి, మెడ తిరగని మనుషులను చాలామందిని చూశాను. అది ఫ్లోరైడ్ నీళ్ల పాపం. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పూసలు మందమెక్కి, వాటిని కట్టి ఉంచే బంధనాలు కూడా ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. కాళ్లు బిగుసుకుపోయేది అందుకే. న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి దీని మీద ఏళ్ల తరబడి పరిశోధించి రాశారు. అలాంటివాళ్లలో కొందరికి ఆపరేషన్ చేసేది కత్తి మీద సాము. జబ్బు అప్పటికే ముదిరి ఉంటే పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. చుట్టాలు విన్నది అలాంటివాళ్ల గురించే. నీ జబ్బు వేరు, నీ వయసు వేరు. చుట్టాల మాటకు ఊఁ కొట్టి, లేచి నీ నడకకు నువ్వు పో.

నీ ఎడమ పాదంలో ఇంకా తిమ్మిరి ఉందన్నావు. నలిగిన నరం కోలుకునేది చాలా నెమ్మది, నెలల మీద లెక్క. అందాకా గుడిలో తప్ప ఎక్కడా చెప్పుల్లేకుండా నడవొద్దు. నెల పోయాక డాక్టర్ సరే అంటే ఇక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉండు. నవబ్రహ్మల ఆవరణ నడకకు అనువైన చోటు. చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన ఈ గుళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకరోజు స్వర్గబ్రహ్మ దాకా, కాళ్లకు బలం వచ్చాక విశ్వబ్రహ్మ దాకా నడవొచ్చు. అయితే ఎండ ముదరక ముందే పోదాం. గుడి బండల మీద చెప్పులుండవు. మధ్యాహ్నం ఆ రాయి కాలితే మనం ఎగిరి దూకుతాం, నీ పాదానికి తెలియను కూడా తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బలు చూస్తావు. గడప దాటేటప్పుడు చెయ్యి ఆనించుకో. తుంగభద్ర మెట్లు మాత్రం దిగనివ్వను. పాచి పట్టిన మెట్టు మీద ఒక్కసారి జారితే ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలు.

ఇక మగ్గం సంగతి. మీ నాన్నను తప్పు పట్టడం లేదు, ఇల్లు గడవాలి. కానీ గుంట మగ్గంలో కూర్చుని, ముందుకు వంగి, కాళ్లతో చెక్కలు తొక్కుతూ గంటల కొద్దీ నేయడమంటే నడుముకు ఎంత భారమో నేసేవాళ్లకు చెప్పనక్కర లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలి మీద పడ్డప్పుడు మగ్గం గుంటల నిండా బురదే. ముందు బురద ఎత్తారు, తర్వాత కర్రలు సరిచేశారు, ఆ తర్వాతే పడుగు ఎక్కింది. మొదటి వారమే చీర దించాలని ఎవరూ కూర్చోలేదు. నీ నడుముకూ అదే వరస. సర్జన్ ఎక్స్‌రే చూసి సరే అనేదాకా మగ్గం వద్దు. అందాకా ఎత్తు కుర్చీలో కూర్చుని కండెలు చుట్టు, డిజైన్లు చూడు, బేరాలు మాట్లాడు. సరే అన్నాక కూడా మొదట పూటకు అరగంటే. నడుము వెనక ఆనుకోవడానికి ఒక చెక్క అమర్చుకో. వీలైతే గుంట మగ్గం మానేసి నేల పైన నిలిపే మగ్గానికి మారు.

కొన్ని సంగతుల్లో మాత్రం ఓపిక పట్టొద్దు. మూత్రం ఆగిపోయినా తెలియకుండా పోతున్నా, మలం పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు కొత్తగా బలహీనపడినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. తెల్లారనీ అని చూడొద్దు.

కాగితాలు జాగ్రత్త. నీ ఆపరేషన్ ఖర్చు భరించిన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. ఆ అండ లేకపోతే మనబోటి ఇళ్లలో ఇంత ఆపరేషన్ ఎక్కడిది? డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు ఒకే సంచిలో పెట్టు. మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు ఫిజియోథెరపీ సంగతి కూడా ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్రను అడుగు. బస్సులో పోతే వెనక సీటు వద్దు, గుంతల అదురంతా అక్కడే. ప్రభుత్వ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మీ అమ్మను తోడు తీసుకుపో, డాక్టర్ చెప్పింది నీకంటే ఆమెకే బాగా గుర్తుంటుంది.

ఈ ఉత్తరం మీ నాన్నకు కూడా చదివి వినిపించు. మగ్గం ముచ్చట రెండుసార్లు చదువు.

ఇట్లు,
మీ పెద్దమామ